మూరెడు సందు

దాయ్ నది ఒడ్డున సున్నపు బట్టీలున్న మా ఊళ్ళో ఒకప్పుడు లుయెన్‌ని నోటి దురుసు మనిషి అనేవాళ్ళు. అది ఆమె కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల మాట. ఈ కాలం పిల్లలకి మాత్రం ఆమె తల వంచుకుని గోడ వారగా నడిచే ముసలమ్మగానే తెలుసు. ముసలమ్మ అంటున్నాను గానీ ఆమెకి యాభై నిండలేదు. నలభై దాటకుండానే జుట్టు తెల్లబడింది, మాట పడిపోయింది. మాట పడిపోయిందంటే జబ్బు చేసి కాదు. మాట్లాడటం తనే మానేసింది.

ఆమె పుట్టిల్లు నదికి దిగువన, వరి పండే ఊళ్ళో. అక్కడివాళ్ళకి తెలిసింది బురద, నారు, అన్నం. రాయి అంటే కాలికి తగిలేదని తప్ప ఇంకేమీ తెలియదు. అలాంటి పిల్లని బట్టీ పని చేసే ఖోయ్‌కి ఇచ్చి చేశారు. ఖోయ్ నిమ్మకు నీరెత్తినట్టుండే మనిషి. పది మాటలడిగితే ఒకదానికి జవాబు చెప్పేవాడు, అదీ పొగ గొట్టం పీల్చడం అయ్యాక. ఆమెకా నోరు ఊరుకోదు. ఈ ఇద్దరికీ ఎలా కుదురుతుందా అని ఊరంతా ముక్కున వేలేసుకుంది. కుదిరింది. చూసినవాళ్ళకి కన్ను కుట్టేలా కుదిరింది.

బట్టీ కొండ వాలుకి ఆనించి కట్టిన పెద్ద బావిలా ఉంటుంది. పైన ఒక నోరు, కింద ఒక నోరు. పైనుంచి రాయి ఒక వరస, బొగ్గు ముద్దలు ఒక వరస పేర్చుకుంటూ వస్తారు. కింద మూడు పక్కలా గోడలున్న గోతిలో నిలబడి నిప్పు చూస్తారు, కాలిన సున్నం లాగుతారు. ఖోయ్ రాయిని విసిరేవాడు కాదు. ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూసి, పక్క రాయికి దీనికి మధ్య వేళ్ళు దూరేంత ఖాళీ ఉంచి పెట్టేవాడు.

"ముత్యాలు గుచ్చుతున్నావా? తెల్లారేలోగా అవుతుందా?" అని లుయెన్ వేళాకోళం చేసింది మొదటిసారి చూసినప్పుడు.

"దారి ఉంచాలి" అన్నాడు.

"ఎవరికి?"

అతను చేతిలో రాయి పెట్టి అప్పుడు చెప్పాడు. "రాయి కాలితే సున్నం అవుతుందనుకుంటారు అందరూ. ఊపిరి వదిలితే అవుతుంది. దాని కడుపులో గాలి ఉంటుంది. వేడి తగిలితే ఆ గాలి బయటికొస్తుంది. వచ్చింది పైకి పోవాలి. పోకుండా అక్కడే కమ్ముకుని కూర్చుందనుకో, అదే రాయి మీద బరువై నొక్కుతుంది. లోపలున్నది ఇక బయటికి రాదు. వచ్చింది కూడా మళ్ళీ లోపలికే దూరుతుంది."

"అయితే ఇంకాస్త బొగ్గు వెయ్యి. వేడి పెరిగితే అదే తోసుకుని వస్తుంది."

"వస్తుంది. కానీ అంత వేడికి పైపొర మాడి గాజులా బిగుసుకుంటుంది. అది నీళ్ళలో వేసినా విచ్చుకోదు. అయినా అంత బొగ్గు ఎవరిస్తారు, మీ నాన్నా?"

ఖోయ్ నోట వేళాకోళం రావడం అదే మొదలు. ఆమె పగలబడి నవ్వింది. ఆ తర్వాత అతను ఆమెకి రంగులు చూడటం నేర్పాడు. ఎర్రగా ఉంటే సరిపోదు, పండిన గాక్ కాయ తొక్కలా నారింజ రంగు తిరగాలి, అప్పుడే రాయి వదలడం మొదలుపెడుతుంది అని చూపించాడు. ఆమె రంగు పట్టేసింది. దారి మాట మాత్రం ఆమెకి ఎక్కలేదు. అన్నం వండే మనిషికి అదెలా ఎక్కుతుంది? మూత పెడితే ఆవిరి లోపలే ఉండి గింజ బాగా ఉడుకుతుంది, మూత తీస్తే పలుకు మిగులుతుంది. పుట్టినప్పటినుంచీ చేతికి తెలిసిన సంగతి అది.

"మరి గోడకి వేసిన వెల్ల అన్నాళ్ళకి రాయిలా ఎందుకవుతుంది?" అని అడిగింది ఇంకోసారి.

"చల్లబడ్డాక వదిలేసిన ఊపిరి మళ్ళీ కావాలనిపిస్తుంది దానికి. గాలి తగిలితే చాలు, లాక్కుంటుంది."

"ఎంత బుద్ధిలేనిది! అంత మంటలో పడి వదిలించుకున్నది మళ్ళీ తెచ్చుకుంటుందా?"

"అలిగి పుట్టింటికి పోయి, నేను రాకముందే నువ్వు పడవెక్కి వచ్చెయ్యలేదూ?"

ఆమె బొగ్గు ముద్ద తీసి అతని మీదికి విసిరింది.

ఇంట్లో అత్తగారు ఉండేది. పాతకాలపు పద్ధతిలో నల్లరంగు వేసిన పళ్ళు ఒక్కొక్కటే రాలిపోయినా ఆకువక్క మానని మనిషి, ఇత్తడి రోట్లో దంచుకుని నమిలేది. కోడలు గడప తొక్కిన రోజునే ఆమె తన సున్నపు బుడ్డిని తెచ్చి చేతిలో పెట్టింది. మా వైపు సున్నపు బుడ్డిని వస్తువని అనరు, తాతగారు అంటారు. సున్నం నింపితే తాతగారికి అన్నం పెట్టామంటారు. తాతగారు పగిలితే ఇంటి ఇల్లాలికి చేటు. సున్నం తీసే పుల్ల రోజూ ఆడుతుండాలి, లేకపోతే నోటి చుట్టూ సున్నం పేరుకుని గట్టిపడి పూర్తిగా మూసుకుపోతుంది. అలా నోరు మూసుకుపోయిన తాతగార్లని పారెయ్యరు, తీసుకెళ్ళి ఊరి గుడి వెనక గోడ మీద వరసగా కూర్చోబెడతారు.

"ఏమే, నీ నోరు ఎలాగూ మూతపడదు. తాతగారి నోరు కూడా మూతపడకుండా చూసుకో" అంది అత్తగారు.

"మీ నోటి ముందు నాదెంత అత్తా" అంది లుయెన్. ఆ రోజునుంచే ఇద్దరికీ పడింది.

కూతురు థామ్ పుట్టింది. పిల్లకి ఊహ తెలిసేసరికి ఊళ్ళో ఇటుక ఇళ్ళు లేవడం మొదలై సున్నానికి గిరాకీ పెరిగింది. ఖోయ్ చేతి సున్నం కోసం పడవలు వచ్చి ఆగేవి. వాళ్ళకి అదో మంచికాలం. మంచికాలం అని అప్పుడు ఎవరికీ తెలియదు కదా, పని ఎక్కువైందని విసుక్కుంటూనే గడిపేశారు.

ఒక ఏడు ఎనిమిదో నెలలో గాలివాన వస్తుందని రేడియోలో చెప్పిన రోజు బట్టీ మంచి ఊపు మీద ఉంది. నిప్పు సగం పైకి ఎక్కింది. కాలిన సున్నం మీద వాన పడితే ఏమవుతుందో మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. సలసలా కాగి ఉబ్బి బట్టీనే పగలగొడుతుంది. మధ్యాహ్నం ఆకాశం నల్లబడగానే మొగుడూ పెళ్ళాం తడిపిన గడ్డి చాపలు పైకి మోశారు. ఖోయ్ సగం కప్పి, గాలి తగలని పక్క చూపించాడు.

"ఇక్కడ మూరెడు సందు ఉంచు. వాన ఈ పక్కనుంచి రాదు."

"వస్తే?"

"రాదన్నాగా. దారి ఉంచు. నేను దుంగలు తెస్తా, చాపల మీద బరువు పెడదాం."

అతను దిగి వెళ్ళాడు. అతను అటు వెళ్ళాడో లేదో గాలి మొదలైంది. ఎలాంటి గాలి! చాపలు లేచి కొట్టుకున్నాయి. లుయెన్ ఒంటరిగా ఒకదాన్ని కాలితో తొక్కి ఇంకోదాన్ని చేత్తో పట్టుకుంది. గాలి ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంటే వాన ఏ పక్కనుంచి రాదని ఎవరు చెప్పగలరు? మూరెడు సందులోంచి మొదటి జల్లు లోపలికి పడి చుయ్యిమంది. ఇన్ని రోజుల కష్టం, అతను ముత్యాల్లా పేర్చిన రాయి. ఉన్న చాపలన్నీ లాగి సందు మీద వేసి, కొండ అంచున ఉన్న బంకమట్టి దోసిళ్ళతో తెచ్చి అంచులన్నీ మెత్తింది. మూత బిగిసిందిలే, వేడి లోపలే ఉంటుంది, ఇంకా బాగా ఉడుకుతుంది అని కూడా అనుకుంది. ఆ మాట అనుకున్నందుకే ఆమె తర్వాత తనని తాను క్షమించుకోలేకపోయింది.

మట్టి చేతులతో కొండ చాటుకి పోయి కూర్చుని అతని కోసం చూసింది. దుంగలు వెతుకుతున్నాడు కాబోలనుకుంది. అతనికి కింద దారిలోనే నిప్పు రంగు కనబడింది. గాక్ పండు రంగు మసకబారుతోంది. బూడిద అడ్డుపడి గాలి ఆడటం లేదనుకుని, దుంగలు అక్కడే పడేసి, కింది గోతిలోకి దిగి బూడిద లాగడం మొదలుపెట్టాడు. పైకి పోవలసిన ఊపిరికి, అందులో కలిసిన బొగ్గు విషానికి పైన దారి లేదు. అది కిందికి దిగింది. ఆ గాలికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. గోతిలో నీళ్ళలా నిండుతుంది.

వాన వెలిశాక ఆమె కిందికి వచ్చి గోతిలోకి చూసింది. అతను గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు, పొగ పీల్చుకుని కళ్ళు మూసుకున్నట్టు. బుగ్గలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. బొగ్గు విషం చేసే పని అది, నిండు ఆరోగ్యమున్నవాడికి కూడా అంత కళ ఉండదు.

"పని వదిలేసి నిద్రపోతున్నావా?" అని అరిచింది లుయెన్. మొగుడితో ఆమె అన్న ఆఖరి మాట అది. అతను కదల్లేదు. ఆ అరుపుకి వచ్చిన ఇరుగుపొరుగు ఆమెని నడుం పట్టి ఆపారు, లేకపోతే తనూ ఆ గోతిలోకి దిగేదే. తాడు వేసి అతన్ని పైకి లాగారు.

శవం పక్కన ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంటూ ఒకటే మాట. "నేనే మూశాను. సందు ఉంచమన్నాడు. నేనే మూశాను." దాచలేదు. దాచాలనే ఊహ కూడా లేదు ఆమెకి. ఊరంతా విన్నది. అందరూ అత్తగారి మొహం వంక చూశారు. ముసలామె కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని అతని జుట్టులో బూడిద దులుపుతూ కూర్చుంది. కోడల్ని తిట్టలేదు. దగ్గరికీ తీసుకోలేదు.

బట్టీ చల్లారాక తెరిచారు. నడుమనున్న రాయంతా రాయిగానే ఉంది. అంత వేడిలో ఉండి కూడా ఒక్క పిసరు ఊపిరి వదల్లేదు. నిప్పుకి ఆనుకుని మూత పడకముందే కాలిన అడుగు వరసలు మాత్రం తెల్లగా తేలికగా ఉన్నాయి. "ఆ బట్టీ సున్నం ఇంటికి చేర్చకు, పారబొయ్యి" అన్నారు అందరూ. లుయెన్ ఎవరి మాటా చెవిన వేసుకోలేదు. తెల్ల గడ్డలు కొన్ని ఏరి కొంగున కట్టుకుని వచ్చి, నీళ్ళలో వేసి విచ్చుకోనిచ్చి, మెత్తటి సున్నం చేసి తాతగారికి అన్నం పెట్టింది. అతను చేత్తో పేర్చిన ఆఖరి రాళ్ళు అవి.

ఆ తర్వాత ఆమె ఆకువక్క ముట్టలేదు. ఆ సున్నంలో పుల్ల పెడితే తరుగుతుందని భయం. అత్తగారు తనకి వేరే ముంతలో సున్నం పెట్టుకుంది. లుయెన్ రోజూ పొద్దున్నే బుడ్డి నోట్లో చెంచాడు నీళ్ళు పోసేది, ఎండిపోకుండా. పుల్ల ఆడని నోరు నీళ్ళు పోసినంత మాత్రాన ఊరుకుంటుందా? అంచు చుట్టూ తెల్లటి పొర పేరుకుంది. ఏడాదికేడాది నోరు సన్నబడింది. ఒకనాడు పోసిన నీళ్ళు లోపలికి దిగకుండా పైనుంచి జారిపోయాయి. అయినా పోస్తూనే ఉంది.

మూడేళ్ళు గడిచాక మా ఆచారం ప్రకారం అతని ఎముకలు తీసి సుగంధపు నీళ్ళతో కడిగి చిన్న మట్టిపెట్టెలో పెట్టి మళ్ళీ పూడ్చారు. కడిగింది లుయెనే. ఒక్కొక్క ఎముకా తుడిచి, ఇంకో ఎముకకి తగలకుండా మధ్య కాస్త ఖాళీ ఉంచి పేర్చింది. చూస్తున్న అత్తగారు మొహం తిప్పుకుంది.

థామ్ పెద్దదైంది. తండ్రి పోలిక, అదే నిదానం. నది మీద ఇసుక పడవ నడిపే తోయన్ అనే కుర్రవాణ్ణి ఇష్టపడింది. అతని వైపువాళ్ళు ఆకూ వక్కా తీసుకుని నిశ్చితార్థానికి వస్తామన్నారు. వచ్చినవాళ్ళకి పెళ్ళికూతురు తన చేత్తో తమలపాకు చిలకలు చుట్టి ఇవ్వాలి. ముందురోజు పొద్దున థామ్ తల్లి దగ్గరికొచ్చి కూర్చుంది.

"అమ్మా, మొదటి చిలక నాన్న సున్నంతో చుడతాను."

లుయెన్ బుడ్డి మీద చెంచాడు నీళ్ళు పోసింది.

"తాతగారి లోపల ఉందిగా."

"బజార్లో దొరుకుతుంది. కొనుక్కో."

"నాన్న ఉంటే ఈ ఊళ్ళో ఎవరింటికైనా బజారు సున్నం వెళ్ళేదా? నా పెళ్ళికి నాన్నది ఏముందమ్మా? ఆయన మొహం కూడా నాకు సరిగ్గా గుర్తులేదు. బుగ్గలు ఎర్రగా ఉండటం ఒక్కటే గుర్తు."

లుయెన్ బుడ్డిని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. "అది రాయై పోయుంటుందే" అంది. "ఇన్నేళ్ళు పుల్ల ఆడని సున్నం రాయి కాక ఏమవుతుంది? పగలగొట్టి చూస్తే రాయి ఉంటుంది. చూడకపోతే... చూడకపోతే మెత్తగా ఉందనుకుంటూ నీళ్ళు పోసుకుంటాను. నన్నలా ఉండనీ."

థామ్ తలెత్తి తల్లిని చూసింది. ఇన్నేళ్ళలో అమ్మ ఇంత పొడుగు మాట మాట్లాడటం ఆ పిల్ల వినలేదు.

మూల కూర్చుని ఆకువక్క దంచుతున్న ముసలామె చెయ్యి ఆగింది. "ఏమే లుయెన్" అని పిలిచింది. "ఇన్నేళ్ళూ నిన్ను ఒక్క మాట అనలేదు నేను. ఎందుకనుకున్నావు? మంచిదాన్నని కాదు. నా కడుపు మండలేదని కాదు. అన్నానంటే నువ్వు కూడా ఆ నది వైపు పోతావని భయం. పిల్ల నా ఒళ్ళో మిగులుతుందని భయం. మింగాను. నువ్వూ మింగావు. ఇంట్లో ఇద్దరం నోళ్ళు మూసుకుని కూర్చున్నాం, పిల్ల మధ్యలో పెరిగింది." రోకలి ముందుకి తోసింది. "ఇల్లాలివి నువ్వు. తాతగారు పగిలితే చేటు నీకే. నీకింకా కొత్తగా వచ్చే చేటు ఏముంది గనక? కొట్టు."

లుయెన్ బుడ్డిని ఒళ్ళో పెట్టుకుంది. పసిబిడ్డని నిమిరినట్టు నిమిరింది. చిన్న ఇత్తడి రోకలితో నోటి మీద కొట్టింది. మొదటి దెబ్బకి ఏమీ కాలేదు. రెండోసారి కొట్టేసరికి పొర పెంకులా చిట్లింది, బుడ్డి మెడ కూడా విరిగి చేతిలోకి వచ్చింది.

లోపల వెన్నలా ఉంది.

ముసలామె వేలు పెట్టి తీసి నాలిక కొసకి అద్దుకుని కళ్ళు మూసుకుంది. "ఘాటు తగ్గలేదు" అంది. "వాడి సున్నమే. వాడి సున్నమే ఇది." ఆమె పళ్ళు లేని నోరు వంకరపోయింది. కొడుకు శవం దగ్గర కూడా ఏడవని మనిషి వెక్కి వెక్కి ఏడ్చింది.

థామ్ విరిగిన పెంకు తిప్పి చూస్తోంది. "మూసుకుపోయింది కాబట్టే మిగిలిందమ్మా. గాలి లోపలికి పోలేదు, లాక్కోడానికి దానికేమీ దొరకలేదు" అంది సంతోషంగా. ఆ మాట తల్లికి ఎక్కడ తగులుతుందో ఆ పిల్లకి తట్టలేదు.

"మూసినందుకే పోయాడు" అంది లుయెన్ నెమ్మదిగా. "మూసినందుకే ఇది మిగిలింది. ఏం చేసుకోను నేను దీన్ని? చెప్పవే, ఏం చేసుకోను?" కూతురి భుజం మీద తల పెట్టి, పెళ్ళికూతురి కొత్త రవికె తడిసేదాకా ఏడ్చింది.

మర్నాడు నిశ్చితార్థం బాగానే జరిగింది. మొదటి చిలక తోయన్ తల్లికి ఇవ్వాలి, అదీ పద్ధతి. థామ్ మాత్రం దాన్ని తీసుకెళ్ళి తల్లి నోట్లో పెట్టింది. తోయన్ తల్లి ఏమీ అనుకోలేదు, కళ్ళు తుడుచుకుని రెండోది అందుకుంది. ఇన్నేళ్ళ తర్వాత ఆకు నమిలిన లుయెన్ పెదవులు ఎర్రబడ్డాయి, సున్నం ఘాటుకి నాలిక పొక్కింది. ఉమ్మెయ్యమంటే వద్దని తల ఊపింది.

నోరు తెరుచుకున్న సున్నం ఎక్కువ రోజులు ఆగదు. అప్పుడే పైన మీగడలా పొర కట్టడం మొదలైంది. లుయెన్ ఈసారి నీళ్ళు పొయ్యలేదు. మిగిలినదంతా చిన్న బకెట్‌లోకి గీకి, నీళ్ళు కలిపి వెల్ల చేసి, చీపురు తీసుకుని కొండ కిందికి బయల్దేరింది. థామ్ వెంట నడిచింది. కొత్త సంవత్సరానికి ముందు అందరూ తమవాళ్ళ సమాధులకి వెల్ల వేసే రోజులవి, కాబట్టి దారిలో ఎవరూ వింతగా చూడలేదు.

ఖోయ్ సమాధి చిన్నది. ఆమె గడ్డి పీకి, కడిగి, పైనుంచి మొదలుపెట్టి నిదానంగా వెల్ల వేసింది. తడిగా ఉన్నప్పుడు బూడిదరంగుగా కనబడి ఆరుతున్నకొద్దీ తెల్లబడుతోంది. ఇంకొన్నాళ్ళకి గాలిలో ఊపిరి లాక్కుని గట్టిపడి, అతను కొండలోంచి తెచ్చిన రాయి మళ్ళీ రాయవుతుంది. బకెట్‌లో ఇంకా కాస్త మిగిలి ఉండగానే ఆమె చీపురు కింద పెట్టింది.

"అమ్మా, ఈ పక్క కొంచెం వదిలేశావు" అంది థామ్.

గాలి తగలని వైపు, మూరెడు మేర, మట్టి అలాగే కనబడుతోంది.

"చూశాను" అంది లుయెన్. "అక్కడ వెయ్యకు."